ఫ్లాట్ కొనేవాళ్లూ, ‘సీసీ వచ్చింది’ అంటే ఏ సీసీయో అడగండి

బెంగళూరులో ఫ్లాట్లు చూస్తున్న మనవాళ్లందరికీ చెప్తున్నాను, ‘సీసీ వచ్చేసింది సార్’ అన్న ఒక్క మాట నమ్మి అడ్వాన్స్ కట్టకండి. మేం కట్టాం. 80 లక్షల ఫ్లాట్‌కి పది శాతం, 8 లక్షలు, ఇప్పుడు అవి రాబట్టుకోవడానికి నాలుగు నెలలుగా తిరుగుతున్నాం.

మేం చూడ్డానికి వెళ్లేసరికే రంగులు వేసేశారు, లిఫ్ట్ నడుస్తోంది, వంటింట్లో గ్రానైట్ కూడా పరిచేశారు. సేల్స్ అతను ‘సీసీ వచ్చేసింది, వచ్చే నెల పాలు పొంగించుకోవచ్చు’ అన్నాడు. నేను కంప్లీషన్ సర్టిఫికెట్ అనుకున్నాను. అనంతపురం నుంచి ఫోన్లో వింటున్న నాన్నేమో రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే సర్టిఫైడ్ కాపీ అనుకున్నాడు, అక్కడ దస్తావేజు నకలుని సీసీ అనే అంటారు మరి. బ్యాంకులో సీసీ అంటే క్యాష్ క్రెడిట్, కోర్టులో కేసు నంబరు ముందు సీసీ, ఊళ్లో సీసీ రోడ్డు, బండికి 150 సీసీ. వాళ్లు చెప్పింది వీటిలో ఏదీ కాదు.

విషయం బయటపడింది ఖర్చుల షీట్‌తో. అందులో జీఎస్టీ 5 శాతం, 4 లక్షలు అని ఒక లైను ఉంది. మా బావ అది చూసి ‘కంప్లీషన్ వచ్చాక అమ్మే ఫ్లాటుకి జీఎస్టీ ఉండదు కదరా, ఆ కాగితం చూశావా?’ అన్నాడు. మూడుసార్లు అడిగితే రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. స్కాన్ వంకరగా ఉంది, ముద్ర పడి పైన పేరు సగం కనపడట్లేదు, పెద్దది చేసి చూస్తే ‘కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్’! అంటే పని మొదలుపెట్టుకోండి అని ఇచ్చే అనుమతి, అదీ మూడేళ్ల కిందటిది. కట్టడం పూర్తయిందని చెప్పే కాగితం అసలు రానే లేదు. నిలదీస్తే ‘మేం సీసీ అన్నాం, కంప్లీషన్ అనలేదు కదా’ అన్నారు. ఆ మాటకి నా భార్య ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఇళ్లు, ఫ్లాట్ల అమ్మకాల్లో కొనేవాళ్లని కాపాడ్డానికి తెచ్చిన 2016 రెరా చట్టంలో ఈ రెండింటికీ వేర్వేరు నిర్వచనాలున్నాయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి, అంటే ఇంట్లో దిగొచ్చని ఇచ్చే కాగితానికి, ఇంకొకటి ఉంది. దాన్ని ఓసీ అంటారు, మనకేమో ఓసీ అనగానే కులం కాలమ్ గుర్తొస్తుంది, అందుకే అదీ పూర్తి పేరుతోనే అడగండి. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ కాగితం చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ కాగితం లేని ఇంట్లో దిగితే తిప్పలు మనకే.

డబ్బు కట్టకముందే సర్టిఫికెట్ పూర్తి పేరు మెయిల్లో రాయించుకోండి, ఎవరిచ్చారో, ఏ తేదీయో, ఏ బ్లాకుకో చూడండి, రెరా సైట్‌లో ఆ ప్రాజెక్టు వివరాలతో సరిపోల్చుకోండి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. మమ్మల్ని ఇంకో 20 శాతం కట్టమని రోజూ ఫోన్లు చేశారు, బావ ఆపబట్టి సరిపోయింది.

ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే 2 లక్షలు కోస్తామంటున్నారు. మేం ఒప్పుకోలేదు, రెరాలో ఫిర్యాదు వేశాం. మీకూ ఇలాగే జరిగి ఉంటే వాళ్ల మెసేజ్‌లు, రసీదు, ఆ ఖర్చుల షీట్ ఏవీ డిలీట్ చేయకండి, మా లాయరు మొట్టమొదట అడిగినవి అవే.