డాంగిలా, కేబులా, ఫోనా? లినక్స్ డెస్క్‌టాప్‌కి నెట్ ఎలా ఇస్తే మేలు?

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్న ఉండేది పాత ఇల్లు. గోడలు లావు. రౌటర్ ముందు వరండాలో, కంప్యూటర్ వెనక గదిలో. అందులో ఉబుంటు లినక్స్ వేసిచ్చింది నేనే కాబట్టి, "నెట్ పోయిందిరా" అని ఫోన్ వచ్చేది కూడా నాకే. యూఎస్‌బీలో గుచ్చే వైఫై డాంగిల్, రౌటర్ నుంచి లాగే కేబుల్, ఫోన్ మూడూ వాడి చూశాం.

ఏదైనా కొనే ముందు లోపం ఎక్కడుందో చూడండి. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) 'ఐపీ ఆర్' (ip r) కమాండ్ కొడితే 'డిఫాల్ట్ వయా' (default via) పక్కన రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. దాన్ని పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి పక్కన ఆ అడ్రస్ ఇచ్చి, జవాబు వస్తుందో లేదో చూడండి. జవాబులు నిలకడగా వస్తుంటే ఇంట్లో లింకు బాగానే ఉన్నట్టు. తర్వాత బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8ని పింగ్ చేయండి. అదీ పలికి, సైట్ల పేర్లు మాత్రం పలకకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) గొడవ. సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ అడ్రస్ మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు. రౌటర్ దగ్గరే పింగ్ తడబడుతుంటే అప్పుడు ఈ మూడింటి సంగతి ఆలోచించాలి.

డాంగిల్ చవక, పెట్టడం తేలిక. కానీ లినక్స్‌లో అసలు విషయం లోపలి చిప్. ఆ చిప్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ కెర్నెల్‌లోనే (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) ఉంటే గుచ్చగానే పనిచేస్తుంది. లేకపోతే విడిగా డ్రైవర్ వేసుకోవాలి, కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది పనిచేస్తుందో లేదోనని టెన్షన్. మాకు అదే జరిగింది. ఒక పొద్దున అప్‌డేట్ అయ్యాక వైఫై గుర్తే మాయమైంది. విజయవాడ నుంచి ఫోన్‌లో చెబుతూ, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకునేలా చేయడానికి నాకూ నాన్నకూ చాలాసేపు పట్టింది. డబ్బా మీద చిప్ పేరు చాలాసార్లు ఉండదు, అడిగి కొనండి. మీడియాటెక్ ఎంటీ7612యూకి డ్రైవర్ కెర్నెల్ 4.19 నుంచే లోపల ఉంది.

ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే సాధారణంగా ఏ డ్రైవరూ వేయక్కర్లేదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ వైఫైనే కంప్యూటర్‌కి అందిస్తాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. డాంగిల్ చచ్చిన రోజు డ్రైవర్ దించుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. రోజూ వాడటానికి మాత్రం వద్దు. గుంటూరు ఎండల్లో ఫోన్ కాలిపోతుంది, పైగా నాన్న ఫోన్ పట్టుకుని బయటికెళ్తే నెట్ కూడా వెళ్లిపోతుంది.

చివరికి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించాం, గోడ పైఅంచున కేసింగ్ పట్టీలో. ఇలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మాకు 20 చాలింది. అయితే మొదటి రోజు స్పీడు 95 ఎంబీపీఎస్ దాటలేదు. లింకు వేగం చూపే 'ఎథ్‌టూల్' (ethtool) కమాండ్ కొడితే 100 ఎంబీపీఎస్ అని చూపించింది. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్ లోపలి 8 పోగులూ కావాలి, 100కి 4 చాలు. కనెక్టర్‌ని వెలుగులో పెట్టి చూస్తే, గోధుమరంగు పోగు చివర బంగారు రంగు పిన్ను దాకా చేరకుండా ఆగిపోయి ఉంది. కొస కోసి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించాం (నొక్కి బిగించడం). వెంటనే 1000 చూపించింది. ఆ తర్వాత కెర్నెల్ ఎన్నిసార్లు మారినా నాన్న దగ్గర్నుంచి నెట్ గురించి ఫోన్ రాలేదు.

కదలని డెస్క్‌టాప్‌కి, సొంత ఇంట్లో, కేబులే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు. విజయవాడలో నేనుండే అద్దె ఫ్లాట్‌లో మేకు కొట్టనివ్వరు, అందుకని ఇక్కడ డాంగిలే. దాన్ని సీపీయూ వెనక గుచ్చకుండా, మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చుకున్నాను. ఇనుప డబ్బా సిగ్నల్‌కి అడ్డం, పక్కనున్న యూఎస్‌బీ 3 పోర్టులో పెన్‌డ్రైవ్ నడుస్తుంటే ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది.