సి భాషలో పేర్ల జాబితా: రెండు కొలతల అర్రేనా, పాయింటర్ల అర్రేనా?

సి భాషలో ఐదు పేర్లు దాచడానికి మొదటి దారి ఐదు వరుసలు, వరుసకు 20 గడులున్న రెండు కొలతల క్యారెక్టర్ అర్రే, అంటే ఒక్కో గడికి ఒక బైటు పట్టే పట్టిక. పేరు చిన్నదైనా మొత్తం 100 బైట్లు పోతాయి. చివర నల్ క్యారెక్టర్‌కు (పేరు ముగిసిందని చెప్పే గుర్తు) ఒక గడి పోగా పేరుకు మిగిలేవి 19. తెలుగులో రాస్తే ఇంకా ఇరుకు: అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘రవి’కే 9 బైట్లు కావాలి మరి!

రెండోది పాయింటర్ల అర్రే, అంటే పేర్లు మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే చిరునామాల వరుస. 64 బిట్ల మెషీన్‌లో మామూలుగా పాయింటర్లకు 40 బైట్లు, అక్షరాలు వేరే చోట. పేరు ఎంత పొడవున్నా ఇబ్బంది లేదు. సార్టింగ్‌లో, అంటే పేర్లను క్రమంలో పెట్టేటప్పుడు, పాయింటర్లను అటూఇటూ మారిస్తే చాలు.

అసలు తేడా మార్పులు చేసేటప్పుడు బయటపడుతుంది. మొదటిదాంట్లో ఏ అక్షరాన్నైనా నిర్భయంగా మార్చొచ్చు, కానీ కొత్త పేరును సమానం గుర్తుతో ఇవ్వలేం, స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ వాడాల్సిందే. రెండోదాంట్లో సమానం గుర్తు చక్కగా పనిచేస్తుంది. అయితే డబుల్ కోట్స్‌లో రాసిన పేరులో అక్షరం మార్చబోతే ఏమవుతుందో భాష హామీ ఇవ్వదు; చాలాసార్లు ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. డిక్లరేషన్ ముందు కాన్‌స్ట్ (మార్చకూడదని చెప్పే పదం) పెడితే ఆ తప్పును కంపైలరే పట్టేస్తుంది.

కీబోర్డు నుంచి పేర్లు చదవాలంటే కొత్తవాళ్లకు నా ఓటు మొదటిదానికే. పాయింటర్లకైతే ముందు మాలక్ అనే ఫంక్షన్‌తో మెమరీలో చోటు కేటాయించాలి. వారాల పేర్లలా ఎప్పటికీ మారని జాబితాకు మాత్రం రెండోదే హాయి.