నమీబియాలో 13 రోజులు: ఎర్ర ఇసుక నుంచి ఒకవాంగో ఒడ్డు దాకా

పక్షుల కోసం నమీబియా వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. ఎడారికి రెండు రాత్రులు చాలు, మిగతావి ఉత్తరాదికి దాచుకోండి. మేం సరిగ్గా తలకిందులుగా చేశాం.

ఎర్ర ఇసుక తిన్నెలుండే సోసస్‌వ్లే దగ్గర మూడు రాత్రులున్నాం. అక్కడి పార్కుకున్న సెస్రియమ్ గేటు లోపల దిగినవాళ్లను పొద్దు పొడవడానికి గంట ముందే తిన్నెల వైపు వెళ్లనిస్తారు. బయట లాడ్జిల్లో ఉన్నవాళ్లు సూర్యోదయం దాకా ఆగాల్సిందే. రేటు ఎక్కువైనా లోపలే తీసుకోండి. ఎలిమ్ తిన్నె దగ్గర గడ్డి దుబ్బుల మధ్య, ఇసుక రంగులోనే ఉన్న డ్యూన్ లార్క్ నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగు తీసింది. మన భరతపక్షికి చుట్టమే, కానీ నమీబియా దాటితే ఇంకెక్కడా ఉండదు. మొదటి ఉదయమే కనబడింది. ఆ తర్వాత అక్కడ మాకు పెద్దగా పని లేకపోయింది.

వాల్విస్ బేలో రాజహంసలు (ఫ్లెమింగోలు) రెండు రకాలూ ఉన్నాయి. పులికాట్ చూసినవాళ్లకు ఒక సాయంత్రం చాలు.

టెన్షన్ పెట్టింది అద్దె కారు. కంకర రోడ్డు మీద పంక్చరైతే స్టెప్నీ దించి చూశాం, అందులో గాలి లేదు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాక దారిన పోయే ఒక రైతు తన పంపుతో గాలి కొట్టి పంపాడు. బండి తీసుకునేటప్పుడే స్టెప్నీ దింపించి చూడండి, కుదిరితే రెండు అడగండి.

ఎటోషా నేషనల్ పార్కులో ఒకౌకువేయో క్యాంపు నీటిగుంట దగ్గర మాత్రం మూడు రోజులు ఇట్టే గడిచాయి. పొద్దున ఎండెక్కాక నమాక్వా సాండ్‌గ్రౌజ్‌లు గుంపులుగా దిగుతాయి. మగది పొట్ట దాకా నీళ్లలోకి దిగి, ఈకలు విప్పి, అటూ ఇటూ ఊగుతూ తడుపుకుంటుంది. అది తిరిగి వెళ్లాక, ఎక్కడో ఎండలో ఉన్న పిల్లలు ఆ ఈకల్లోంచే నీళ్లు తాగుతాయి. ఒక్కో పక్షి వెనకాలే బైనాక్యులర్ తిప్పుతూ టిఫిన్ సంగతే మర్చిపోయాం. చీకటి పడ్డాక లైట్ల వెలుగులో నల్ల ఖడ్గమృగాలు వచ్చాయి. మర్నాడు దసరా. తుమ్మ కొమ్మ మీద ఊదారంగు రొమ్ముతో మన పాలపిట్ట జాతి పక్షి కూర్చుని ఉంటే మా ఆవిడ దండం పెట్టింది.

అక్కడి నుంచి ఒకవాంగో నది ఒడ్డునున్న డివుండు ఒక రోజంతా ప్రయాణం. రుందు దారిలో పశువుల రోగాలు పాకకుండా వేసిన కంచె గేటు దాటగానే గడ్డి కప్పుల ఇళ్లు, మందలు, పచ్చటి చెట్లు. ఒకవాంగో గట్టు మట్టిలో వందల కన్నాలు, వాటి ముందు ముదురెరుపు కార్మైన్ బీ ఈటర్‌లు. సెప్టెంబరు, అక్టోబరు నెలలే వాటికి గూళ్ల కాలం. పడవ నడిపిన స్థానిక గైడ్ గట్టుకు దూరంగా ఇంజను ఆపేసి, పక్షులు బెదరకుండా చూపించాడు. ఆ పడవ డబ్బులకు ఎక్కడా వెనకాడొద్దు. ఆ ప్రాంతంలో మలేరియా ఉంది, బయలుదేరే ముందే డాక్టర్‌ను అడిగి మందులు తీసుకోండి.

మాకక్కడ మిగిలింది రెండు రాత్రులే. మహాంగో అడవికి ఒక్క ఉదయమే దొరికింది. మీరు నాలుగు రాత్రులు వేసుకోండి.