నీళ్ళ క్యాన్ మానేసి కొన్న స్టీలు డ్రమ్ము: బేగం బజారు సరుకుపై సమీక్ష

బేగం బజారులోని ఒక స్టీలు సామాన్ల దుకాణంలో కొన్న ఇరవై లీటర్ల తాగునీటి డ్రమ్మును వేసవికి ముందు నుంచి మా ఇంట్లో వాడుతున్నాం. పైన బిగువుగా కూర్చునే మూత, అడుగున నల్లా, కింద ఇనుప స్టాండు ఉన్న ఈ డ్రమ్ము పెళ్ళిళ్ళలో మజ్జిగ పోసే పెద్ద డ్రమ్ముకు చిన్న పిల్లలా ఉంటుంది. ముచ్చటపడి కొన్న వస్తువు కాదిది. ఏళ్ళ తరబడి ఇంటికి వస్తున్న ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ను మాన్పించడానికే కొన్నాం. అందువల్ల క్యాన్ సంగతి చెప్పకుండా డ్రమ్ము మంచిచెడ్డలు చెప్పడం కుదరదు.

హైదరాబాదులో క్యాన్ అంటే సాధారణంగా రెండు రకాలు. నొక్కితే లొంగే పలుచని క్యాన్ పెట్ ప్లాస్టిక్‌ది, దాని అడుగున ముక్కోణంలో 1 అంకె ఉంటుంది. నీలిరంగు ఛాయతో గాజులా గట్టిగా ఉండి, ఏళ్ళకేళ్ళు ఇళ్ళు తిరిగేది ఎక్కువగా పాలికార్బొనేట్‌ది, దానిపై 7 అంకె ఉంటుంది. 7 అనేది ఇతర ప్లాస్టిక్కులకు కూడా వాడే అంకె కనుక దాన్ని మాత్రమే చూసి నిర్ధారణకు రాకూడదు, గట్టిదనాన్ని కూడా చూడాలి. ఈ పాలికార్బొనేట్‌ను బిస్ఫినాల్-ఏ (పొట్టిగా బీపీఏ) అనే రసాయనంతో తయారు చేస్తారు. అది స్త్రీ హార్మోను ఈస్ట్రోజన్‌లా పనిచేయగలదని లండన్‌లో ఛార్లెస్ డాడ్స్ 1936లోనే గుర్తించారు. పాలికార్బొనేట్ పుట్టింది 1953లో. అంటే ముడిసరుకు గుణం తెలిసిన పదిహేడేళ్ళకు ఆ ప్లాస్టిక్ వచ్చింది, అది వచ్చిన మరో నలభై ఏళ్ళకు గానీ పాత్రలోంచి ఆ రసాయనం నీటిలోకి దిగుతున్న సంగతి పట్టుబడలేదు. 1993లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈస్ట్ కణాలతో ప్రయోగాలు చేస్తుండగా ఎక్కడి నుంచో ఈస్ట్రోజన్ స్వభావం కనిపించింది, వెతికితే ఆవిరి ఒత్తిడిలో శుద్ధి చేసిన పాలికార్బొనేట్ ఫ్లాస్కుల నుంచి దిగిన బిస్ఫినాల్-ఏ అని తేలింది.

వేడి, క్షారం, గీతలు ఈ కారుదలను పెంచుతాయి. మరిగే నీరు తగిలిన పాలికార్బొనేట్ సీసాల నుంచి ఈ రసాయనం విడుదలయ్యే వేగం 55 రెట్ల వరకు పెరిగిందని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 2008లో జరిగిన అధ్యయనం చూపింది. 1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఎలుకల పాలికార్బొనేట్ పంజరాలను పొరపాటున గాఢమైన క్షార ద్రావణంతో కడిగినప్పుడు, ఆ ప్లాస్టిక్ దెబ్బతిని, ఎలుకల అండకణాలలో క్రోమోజోముల లోపాలు ఒక్కసారిగా పెరిగాయి. మన క్యాన్ల జీవితంలో ఈ మూడూ ఉన్నాయి. వాటిని మళ్ళీమళ్ళీ కడుగుతారు, మే నెల మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో కప్పు లేకుండా తిప్పుతారు, మెట్ల మీద దొర్లిస్తారు. మాకు వచ్చిన క్యాన్లలో కొన్ని గీతలు పడి లోపలి నీళ్ళు కూడా సరిగా కనిపించని స్థితిలో ఉండేవి. మార్చమని అడిగితే నీళ్ళు తెచ్చే అబ్బాయి నిజాయితీగా, అన్నీ అలాంటివేనండీ, అనేవాడు.

అలాగని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చల్లని నీటిలోకి దిగే మోతాదు చాలా తక్కువ, ప్రస్తుతం అనుమతి ఉన్న వాడకాలు సురక్షితమేననేది అమెరికా ఆహార ఔషధ సంస్థ వైఖరి. దీనికి భిన్నంగా ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజువారీ సహన పరిమితిని 2023లో శరీర బరువులో కిలోకు 0.2 నానోగ్రాములకు కుదించింది, 2015 నాటి పరిమితితో పోలిస్తే ఇది ఇరవై వేల రెట్లు తక్కువ. 2024 చివరలో ఐరోపా సంఘం ఆహారానికి తగిలే వస్తువుల్లో బిస్ఫినాల్-ఏను నిషేధిస్తూ నిబంధన తెచ్చి, పరిశ్రమకు మారే గడువు ఇచ్చింది. చల్లని పానీయాలతో మాత్రమే చేసిన హార్వర్డ్ అధ్యయనంలో కూడా, పాలికార్బొనేట్ సీసాలతో వారం రోజులు తాగిన విద్యార్థుల మూత్రంలో ఈ రసాయనం మూడింట రెండు వంతులు పెరిగింది. ఇంత భిన్నమైన తీర్పుల మధ్య, మార్చుకోవడానికి పెద్ద ఖర్చు లేని వస్తువును మార్చుకోవడమే తెలివైన పని అనిపించింది.

మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఈ ఆలోచన గట్టిపడింది. పుట్టబోయే బిడ్డకు కొన్న పాలసీసాకు మన దేశంలో రక్షణ ఉంది. 2015లో సవరించిన భారతీయ ప్రమాణం పాలసీసాలలో బిస్ఫినాల్-ఏను ఒప్పుకోదు. అదే బిడ్డను మోస్తున్న తల్లి రోజుకు మూడు లీటర్లు తాగే క్యాన్‌కు అలాంటి నిషేధం లేదు. హార్మోన్ల సంకేతాలతో అవయవాలు రూపుదిద్దుకునేది గర్భంలోనే కదా, రక్షణ ఆ తొమ్మిది నెలలు గడిచాక మొదలవడం నాకు అర్థం కాని విషయం. ప్యాకేజింగ్ నిబంధనల్లో ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే మొత్తం పదార్థానికి కిలోకు 60 మిల్లీగ్రాముల పరిమితి ఉన్న మాట నిజమే. కానీ అది దిగినదాని బరువును తూచే పరిమితి, నానోగ్రాముల్లో పనిచేసే రసాయనాన్ని పట్టే జల్లెడ కాదు.

ఇలాంటి చోట రాష్ట్రాలు ముందడుగు వేస్తే దేశం వెనక నడిచిన ఉదాహరణ అమెరికాలో ఉంది. పాలసీసాలలో, పిల్లల కప్పుల్లో బిస్ఫినాల్-ఏను 2009లో మిన్నెసోటా రాష్ట్రం మొదట నిషేధించింది, ఆ ఏడాదే కనెటికట్ శాసనం చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు కలిశాయి. రాష్ట్రానికొక సరుకు తయారు చేయడం గిట్టుబాటు కాక కంపెనీలే ఆ ప్లాస్టిక్‌ను వదిలేశాయి. చివరికి 2012లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆ అనుమతి రద్దు చేసేనాటికి మార్కెట్లో రద్దు చేయడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 2010లో పిల్లల సీసాలతో ఆగక క్రీడల సీసాలను కూడా చేర్చింది, 2019లో మరో చట్టంతో ఒక్కొక్క రసాయనాన్ని కాక బిస్ఫినాళ్ళు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్ల వంటి కుటుంబాలను మొత్తంగా పట్టుకునే పద్ధతి ఎంచుకుంది. ఈ రెండో చట్టం ఎందుకు అవసరమైందో దుకాణాల్లోని ‘బీపీఏ రహితం’ చీటీలే చెబుతాయి. ఏను తీసేసి అదే కుటుంబానికి చెందిన బిస్ఫినాల్-ఎస్ పెట్టినా ఆ చీటీ అబద్ధం కాదు, అయితే ఎస్ కూడా హార్మోన్ల పనిలో వేలు పెడుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. క్యాన్ బదులు ఖరీదైన మరో ప్లాస్టిక్ జారు కొనకుండా స్టీలు వైపు వెళ్ళడానికి కారణం ఇదే.

తెలంగాణకు ఈ విషయంలో చేతులు కట్టేసి లేవు. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనిది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ప్యాకేజ్డ్ తాగునీటిని ఆహారంగానే లెక్కిస్తుంది, దాని 30వ సెక్షన్ ప్రజారోగ్యం కోసం ఏ ఆహార పదార్థం అమ్మకాన్నయినా ఏడాది వరకు నిషేధించే అధికారాన్ని రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్‌కు ఇస్తుంది. 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు ఆపింది ఈ అధికారంతోనే. నా దృష్టిలో గీతలు పడ్డ పాత పాలికార్బొనేట్ క్యాన్లలో నీళ్ళు నింపి అమ్మడాన్ని ఆపడానికి ఇది మంచి ఆరంభం కాగలదు. అయితే ఏడాదికొకసారి పొడిగించే ఉత్తర్వును చూసి ఏ ప్లాంటు యజమానీ క్యాన్లన్నీ మార్చడు. దశలవారీ గడువులతో శాసనసభ చేసే చట్టమైతేనే ఆ పెట్టుబడి పెడతాడు.

ఇక డ్రమ్ము సంగతి. బేగం బజారులో స్టీలును చాలాచోట్ల తూకం మీద అమ్ముతారు, కాబట్టి మందం పెరిగితే ధర పెరుగుతుంది. స్టాండుతో కలిపి మాకు రెండు వేల రూపాయలకు కాస్త పైన పడింది. అడగవలసిన మొదటి మాట స్టీలు రకం. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, అది చవక, త్వరగా తుప్పు మచ్చలు వస్తాయి. దుకాణదారు అయస్కాంతం పెట్టి, అతుక్కోలేదు చూడండి సార్, అని చూపిస్తాడు గానీ ఆ రెండు రకాలూ అయస్కాంతానికి అతుక్కోవు, ఆ పరీక్ష వల్ల వాటి మధ్య తేడా తెలియదు. రకం ముద్ర, ఐఎస్ఐ గుర్తు చూసి, బిల్లు మీద ‘304’ అని రాయించుకోవడం మేలు. మాకు చేత్తో రాసిన బిల్లు ఇచ్చారు. మాల్‌లో ఇచ్చే నున్నని బిల్లు కాగితానికి తరచుగా బిస్ఫినాళ్ళ పూత ఉంటుంది కనుక, పాతకాలపు ఆ కార్బన్ కాగితం చూసి సంతోషించాను.

ఈ సరుకులో అసలు లోపం నల్లా. డ్రమ్మంతా స్టీలు చేసి, నీళ్ళు బయటికి వచ్చే చోట ప్లాస్టిక్ నల్లా బిగించి అమ్ముతున్నారు. అదనంగా డబ్బు కట్టి స్టీలు నల్లా వేయించుకున్నాం. అడిగితేనే లోపలి నుంచి తెచ్చారు, తమంతట తాము చూపించలేదు. దాని రబ్బరు వాషరు రెండు వారాల్లో చెమ్మ కారడం మొదలుపెట్టింది, మార్చి బిగించాక ఆగింది. అయిదుకు నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి ఈ నల్లా ఖాతాలో పడుతుంది.

వాడకంలో ఇబ్బందులు లేకపోలేదు. నిండిన డ్రమ్ము బరువు ఇరవై కిలోలు దాటుతుంది, కనుక దాన్ని స్టాండు మీదనే ఉంచి, బిందెతో తెచ్చి పోయాలి. ఇంట్లో పెద్దవాళ్ళే ఉంటే పది లీటర్లది కొనడం మంచిది. నీళ్ళు ఎంత మిగిలాయో బయటికి తెలియదు, మూత తీసి చూడాలి. మేము పోసేది జలమండలి నల్లా నీరే, వంటింటి ఫిల్టరులో వడగట్టి పోస్తాం. ఆ ఫిల్టరు ప్లాస్టిక్‌దేనని చదువరులు అంటారేమో. నిజమే, అయితే నీళ్ళు అందులో నిలవ ఉండవు, ఎండలో తిరగవు. నగరంలో నెలకు ఇరవై వేల లీటర్ల వరకు ఉచిత నీటి పథకం ఉన్న ఇళ్ళకు క్యాన్ ఖర్చు మిగిలి, డ్రమ్ము డబ్బు కొన్ని నెలల్లోనే తిరిగి వస్తుంది. బోరు నీటి మీదే ఆధారపడిన అపార్టుమెంట్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, నీళ్ళలో లవణాలను బట్టి ఆర్వో యంత్రం ఖర్చు కలుపుకోవాలి. వారానికొకసారి చింతపండుతో లోపల తోమి, ఆరబెట్టి నింపుతున్నాం. వేసవిలో నీళ్ళు చల్లగా ఉండవు, అందుకు పక్కన కుండ ఉండవలసిందే.

కొనబోయేవారు దుకాణంలోనే డ్రమ్ములో నీళ్ళు పోయించి, నల్లా దగ్గర ఆరిన గుడ్డ చుట్టి కాసేపు ఆగి చూడండి. పాత క్యాన్ల మీద కట్టిన డిపాజిట్టును సరఫరా చేసేవారి నుంచి తిరిగి తీసుకోవడం కూడా మరవకండి.