వెలిగే బ్యాక్టీరియా కిట్: వెలుగు సరే, ఫిల్టర్ ఇంకోటి పెట్టాల్సింది

పెట్టె మీద నీలం వెలుగు బొమ్మ చూసి మా అమ్మాయి పట్టుబట్టి కొనిపించింది. లోపల అలీవిబ్రియో ఫిషరీ అనే వెలిగే బ్యాక్టీరియా కల్చర్ (అంటే ద్రవంలో పెంచిన బ్యాక్టీరియా), అవి పెరగడానికి ఉప్పు కలిపిన మీడియం, మూడు ఫ్లాస్కులు, ఒక సిరంజి, దానికి బిగించే చిన్న ఫిల్టర్.

మొదటి రాత్రి ఏమీ కనపడలేదు. పాడైన సరుకు అంటగట్టారని తిట్టుకున్నాను. లైటు ఆర్పిన వెంటనే చూస్తే ఏం కనపడుతుంది? కళ్లు చీకటికి అలవాటు పడాలి, పది నిమిషాలైనా కూర్చోవాలి. పైగా ఆ వెలుగుకి ఆక్సిజన్ కావాలి, అంటే ఫ్లాస్కు ఊపాలి. ఈ రెండు ముక్కలూ మాన్యువల్‌లో లేవు. మర్నాడు రాత్రి ఊపగానే నీలాకుపచ్చగా వెలిగింది. మా అమ్మాయి కేక పెట్టింది. నేనూ పెట్టాననుకోండి.

అసలు మజా మాత్రం ఆ ఫిల్టర్‌లో ఉంది. వెలిగే కల్చర్ కొంచెం తీసి కొత్త మీడియంలో బాగా పలచగా కలిపితే వెలుగు పోతుంది. కణాలు బతికే ఉంటాయి, పెరుగుతూనే ఉంటాయి, వెలగవంతే. ప్రతి కణమూ ఒక చిన్న రసాయనాన్ని బయటికి వదులుతుంటుంది. కణాలు కొన్నే ఉంటే అది నీళ్లలో ఎటో పోతుంది. గుంపు పెరిగేకొద్దీ చిక్కబడి, తిరిగి కణాల్లోకి వెళ్లి లక్స్‌ఆర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. అప్పుడు వెలుగు జీన్లు ఆన్ అవుతాయి. కోరం లేక మీటింగ్ వాయిదా పడినట్టే. 1994లో దీనికి పెట్టిన పేరు కూడా కోరం సెన్సింగే.

పలచని కల్చర్‌ని రెండు ఫ్లాస్కుల్లో పోశాం. ఒకదానిలో వెలిగే కల్చర్‌ని వడగట్టిన ద్రవం కలిపాం, అందులో కణాలుండవు. రెండోదానిలో అంతే కొత్త మీడియం. అరగంటకోసారి చీకటి గదిలోకి పరుగు. వడగట్టిన ద్రవం పోసిందే ముందు వెలిగింది, రెండోది అప్పటికింకా నల్లగానే ఉంది. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టింది ఇలాంటి ప్రయోగాలతోనే. మాన్యువల్‌లో దీనికి చివరి పేజీలో నాలుగు లైన్లు! ఈ బ్యాక్టీరియాని ఒంట్లో పెట్టుకునే హవాయి బాబ్‌టెయిల్ స్క్విడ్ అనే చిన్న సముద్రజీవికి మాత్రం రంగుల్లో రెండు పేజీలు. (అవీ బాగానే ఉన్నాయి. రోజూ తెల్లవారగానే అది తనలోని బ్యాక్టీరియాలో 95 శాతం దాకా బయటికి గెంటేస్తుందట.)

ఇచ్చిన ఒక్క ఫిల్టర్ మొదటిసారే మూసుకుపోయింది, గట్టిగా నొక్కితే ఊడి సిరంజిలోది నా చీర మీద పడింది. ఇంకోటి విడిగా తెప్పించాకే ఈ ప్రయోగం కుదిరింది. అయ్యాక బ్లీచ్ పోసి పారేయమని మాత్రం పెద్దక్షరాల్లో రాశారు, అది మెచ్చుకోవాలి.

ఐదుకి మూడున్నర. రెండో ఫిల్టర్ పెట్టి ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని.