బడికి పిలిపించడమా, ఇంటికి వెళ్లడమా?

ఒక అమ్మాయి వారం నుంచి బడికి రావట్లేదు. కుటుంబాలకూ పిల్లలకూ అండగా ఉండే ఉద్యోగి తల్లిదండ్రుల్ని బడికి పిలిపించవచ్చు, లేదా తనే బస్తీకి వెళ్లవచ్చు.

పిలిపిస్తే కాగితాల పని తొందరగా తేలుతుంది. రిజిస్టరు, టీచరు, హెడ్‌మాస్టరు అన్నీ అక్కడే. పాలమూరు నుంచి కూలికి వచ్చిన కుటుంబం దగ్గర టీసీ లేదనుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆ కారణంతో అడ్మిషన్ ఆపకూడదు. ఆ మాట హెడ్‌మాస్టర్ గది‌లోనే తేలాలి.

కానీ అడ్డా కూలీకి బడికి రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. వచ్చినా తప్పు చేసినవాళ్లలా నిలబడి, "సరే సార్, రేపటి నుంచి పంపిస్తం" అని వెళ్లిపోతారు. అసలు కారణం బయటికి రాదు.

హైదరాబాద్‌లోని బోరబండలోనో అడ్డగుట్టలోనో గడప దాకా వెళ్తే అది కళ్లకే కనిపిస్తుంది. తల్లి నాలుగిళ్లలో పనికి పోతుంది, చెల్లెల్ని చూసుకోవడానికి పెద్దపిల్ల ఆగిపోయింది. అక్కడ చదువు గొప్పతనం చెబితే ఏం లాభం? చెల్లెలికి మూడేళ్లు నిండితే దగ్గరి అంగన్‌వాడీలో చేర్పించాలి. అదీ అసలు పని. ఇంటికి వెళ్లడానికి సాయంత్రాలు పోతాయి, నిజమే. ఇరుగుపొరుగు వింటుంటే ఆ తల్లి నోరు విప్పదు కూడా. అయినా మొదటిసారి ఇంటికే వెళ్లాలంటాను.

ఒక్క సందర్భంలో మాత్రం వద్దు. ఇంట్లో కొడుతున్నారని పిల్ల చెబితే, ముందు బడిలోనే ఆమెతో విడిగా మాట్లాడి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.