ఆరుబయట తెరకు ఏ సినిమా మేలు?

వాతావరణం మారిపోయి ఊళ్లు వదిలిపోతున్నవాళ్ల గురించి ఆరుబయట సినిమా వేద్దామనుకోగానే మాటలన్నీ ప్రొజెక్టర్ చుట్టూ తిరుగుతాయి. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఏ సినిమా అన్నదే.

నా మనసులో రెండు డాక్యుమెంటరీలున్నాయి. 2018లో వచ్చిన ‘అనోటేస్ ఆర్క్’ పసిఫిక్‌లోని కిరిబాటి కథ. అక్కడి దీవులు దాదాపు అన్నీ సముద్రానికి రెండు మూడు మీటర్లే ఎత్తు. అధ్యక్షుడిగా పనిచేసిన అనోటే టాంగ్ ప్రపంచ వేదికల మీద తన ప్రజల కోసం గొంతెత్తుతుంటాడు. మరోపక్క ఆరుగురు పిల్లల తల్లి న్యూజిలాండ్‌కు వలస వెళ్తుంది. 2017 నాటి ‘థాంక్యూ ఫర్ ద రైన్’ కెన్యా రైతు కిసిలు ముస్యాది. ఏళ్ల తరబడి తన ఇంటినీ పొలాన్నీ తనే కెమెరాతో తీసుకున్నాడు. ఎండా, వానా, గాలివానకు దెబ్బతిన్న ఇల్లూ, చివరికి 2015 పారిస్ వాతావరణ సదస్సూ అందులో ఉన్నాయి.

చర్చకు మొదటిదే ఎక్కువ సరుకిస్తుంది. 1951 శరణార్థుల ఒప్పందం వేధింపులకు భయపడి దేశం దాటినవాళ్లను చూసి రాసింది. సముద్రం తరిమితే శరణార్థిగా గుర్తింపు దొరకడం చాలా కష్టం. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ప్రశ్నలు ఆగవు.

కానీ ఆరుబయట సంగతి వేరు. ఒకసారి వెనక వరసలో కూర్చుని చూశాను. గాలికి తెర ఉబ్బినప్పుడల్లా మొహాలు సాగిపోయేవి, సబ్‌టైటిల్స్ ముందువాళ్ల తలల వెనక్కి పోయేవి. పక్కనున్న పెద్దావిడ “ఏమంటున్నాడమ్మా?” అని మూడుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసింది. ప్రసంగాలున్న సినిమాకు ఇక్కడే దెబ్బ. పాడైన ఇంటి ముందు నిలబడ్డ రైతును చూస్తే మాట వినపడకపోయినా అర్థమవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇలా కదిలేవాళ్లలో ఎక్కువమంది దేశం దాటరు. 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశాల్లోనే వలస పోవాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. చేను ఎండితే ఏమవుతుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

షార్ట్ ఫిల్ములు వరసగా వేస్తే? ఒకటి అయిపోగానే జనం లేచిపోతారు. పిల్లలు ఎక్కువగా వస్తారంటే తప్ప వద్దంటాను.

కాబట్టి టాంగ్ కథ హాల్లో, కిసిలు కథ ఆరుబయట. తెర కింది అంచు కూర్చున్నవాళ్ల తలలకంటే పైకి కట్టండి, హక్కులున్నవాళ్ల అనుమతి ముందే తీసుకోండి. సినిమా అయ్యాక మైకు మొదట ఊరొదిలి వచ్చినవాళ్లకివ్వండి, వాళ్లకు మాట్లాడాలని ఉంటేనే.